వంకర కుట్టు – విప్పాలా, ఉంచాలా?



చలి మొదలయ్యేసరికి మన ఇండ్లలో అటక మీది బొంతలు కిందికి దిగుతాయి. వాటిని ఎండలో వేసి దులుపుతాము. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ అంచు ఊడిందో చూసుకొంటాము. కొత్త బొంత కుట్టవలసిన ఇంట్లో పాత చీరల మూట విప్పుతారు. క్రిస్మసుకు కూతురు, అల్లుడు వస్తారనో, పురుడు దగ్గరపడిందనో, ముసలివారికి చలి ఆగడం లేదనో ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ నెల మన పుటలో ఆ బొంతను గురించే మాట్లాడుకొందాము. సంగతి చిన్నదే. కాని ఆ చిన్న సంగతి దగ్గర నేను ఒక పెద్ద తప్పు చేశాను. అందుకే వ్రాస్తున్నాను.

బొంత ఎలా కుడతారో పల్లెల్లో చెప్పనక్కరలేదు. పట్టణములో పెరిగిన కోడళ్ళ కోసం మాత్రం రెండు మాటలు. మెత్తబడిన పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా నేలమీద పరుస్తాము. నలుగురు నాలుగు మూలలు పట్టి ముడత లేకుండా లాగుతారు. పొరలు జరగకుండా ముందుగా పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేస్తాము. ఆ తరువాత లావు సూదితో, లావు దారముతో ఒక అంచునుండి మొదలుపెట్టి వరుస వెంబడి వరుస కుట్టుకొంటూ పోతాము. చీర చాలనిచోట పంచె ముక్కో, లంగా ముక్కో, చిరిగిన చొక్కా వీపో అతుకుతాము. ఈ పనికి కొలబద్ద లేదు, గీత గీసేది లేదు. కన్ను, చెయ్యి, ఓపిక, ఈ మూడే.

కాబట్టి తప్పు లేని బొంత ఉండదు. వరుస వంకర పోతుంది. కుట్టు ఒకచోట చిన్నదిగాను ఒకచోట పెద్దదిగాను పడుతుంది. దారము బిగించి లాగితే గుడ్డ కుచ్చుపడుతుంది. అడుగు పొర మడతపడి, పైకి కనబడకుండా, అలాగే కుట్టులో ఇరుక్కుపోతుంది. సగము పని అయిన తరువాత గాని అది మన కంట పడదు. అప్పుడు వస్తుంది ప్రశ్న. విప్పాలా, ఉంచాలా?

నాలుగు వరుసలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మాయిని మొదటి కాన్పుకు ఏడవ నెలలో ఇంటికి తీసుకువచ్చాము. పుట్టబోయే బిడ్డకు బొంత కుడదామని మా అత్తగారు అన్నారు. అప్పటికి ఆమెకు డెబ్బయి దాటాయి. తన పెట్టెలోనుండి రెండు నేత చీరలు తీసి ఇచ్చారు. మా మామగారు బ్రతికి ఉండగా కట్టుకొన్న చీరలు అవి. "ఇవి వెయ్యి అమ్మాయ్, మెత్తగా ఉంటాయి" అన్నారు.

ఒక చివరనుండి నేను, రెండవ చివరనుండి ఆమె కుట్టడం మొదలుపెట్టాము. నాకు రాత్రి పనులు అయిన తరువాత గాని కుదరదు. ఆమె మధ్యాహ్నము అరుగు మీద కూర్చుని కుట్టేవారు. పది రోజులు గడిచిన తరువాత ఒక సాయంకాలము బొంతను వెలుగులో పరచి చూశాను. ఆమె కుట్టిన వైపు చూడగానే నా ముఖము చిన్నబోయింది. ఒక వరుస కిందికి జారింది. మరొకటి పైకి ఎక్కి పక్క వరుసను కలుసుకొన్నది. కొన్ని కుట్లు బియ్యపుగింజంత ఉంటే, కొన్ని బొటనవేలంత ఉన్నాయి.

వియ్యపురాలు చూస్తుంది. స్త్రీల సమాజములోని వారు బిడ్డను చూడడానికి వస్తారు. పాస్టరుగారి భార్య వస్తారు. నా మనస్సులో ఈ ముఖములన్నీ తిరిగాయి. ఆ రాత్రి అందరూ పడుకొన్న తరువాత బ్లేడు తీసుకొని కూర్చున్నాను. అందరికీ కనబడే అంచు దగ్గర నాలుగు వరుసలు విప్పాను. నాలుగవ వరుస దగ్గర దారము గట్టిగా పట్టుకొన్నది. నేను విసుగుతో లాగాను. ముప్పయి ఏండ్లు ఉతికిన చీర, పాపము, ఎంతకని ఆగుతుంది? జానెడు పొడుగున చిరిగింది. దానిమీద ఒక ముక్క వేసి, నా చేతి కుట్టుతో నాలుగు వరుసలు తిన్నగా కుట్టాను. ఎవరికీ తెలియదులే అనుకొని పడుకొన్నాను.

తెల్లవారి కాఫీ త్రాగిన తరువాత అత్తగారు బొంతను ఒడిలోకి లాక్కున్నారు. వ్రేళ్ళతో తడుముతూ పోయారు. అంచు దగ్గరకు వచ్చేసరికి వ్రేళ్ళు ఆగాయి. వెనుకకు వెళ్ళి మరల తడిమారు.

"అమ్మాయ్, ఇవి నా కుట్లు కావే."

"కాస్త వంకర పోయింది అత్తయ్యా. సరిచేశాను" అన్నాను.

"మంచిదమ్మా" అన్నారు. సూదిని దారపు ఉండకు గుచ్చి పెట్టెలో పెట్టేశారు. ఆ మధ్యాహ్నము బొంత తియ్యలేదు. మరునాడు తియ్యలేదు. అడిగితే, "నువ్వు కుట్టు తల్లీ, నా చెయ్యి ఆగడం లేదు" అన్నారు. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. సాయంకాలము కుటుంబ ప్రార్థనలో ఎప్పటివలెనే నా పేరు కూడ ఎత్తి ప్రార్థించారు. ఆ తరువాత నా వంతు వచ్చినప్పుడు నాకు నోరు పెగలలేదు.

నాలుగు రోజులు అలా గడిచాయి. అయిదవ రోజు ఆమె ప్రక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, తప్పు నాది. మీతో ఒక మాట చెప్పకుండా విప్పాను. నలుగురు ఏమనుకొంటారో అని విప్పాను గాని బిడ్డ కోసం కాదు. నన్ను క్షమించండి" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "బొంత ఇలా తే" అన్నారు.

బొంతను తిరగవేసి మధ్యలో ఒకచోట నా చెయ్యి పట్టుకొని పెట్టించారు. అడుగు పొర మడతపడి, తాడులాగా ఉబ్బి, కుట్టులో ఇరుక్కుని ఉన్నది. అది నేను కుట్టిన వైపే.

"విప్పవలసింది ఇది. బిడ్డ వీపుకు ఒత్తుకొంటుంది. వరుస వంకర పోతే ఏమయిందే? వంకర వరుస కింద పడుకొంటే చలి వేస్తుందా?" అన్నారు.

నేను విప్పినది నలుగురి కంటికి కనబడేది. నేను విడిచినది బిడ్డ వీపుకు తగిలేది. ఆ మాట ఈనాటికీ నన్ను విడువలేదు.

గురుగులు పెరికే తొందర

మత్తయి సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పిన గురుగుల ఉపమానము మనకందరికీ తెలిసినదే. గోధుమల మధ్య గురుగులు కనబడగానే దాసులు పెరికివేయుటకు తొందరపడ్డారు. యజమానుడు వారిని ఆపాడు. గురుగులు మంచివని కాదు. వాటిని పెరికే చెయ్యి గోధుమలను కూడ పెరికివేస్తుందని. మన పొలములలో కలుపు తీసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. మొక్క వేళ్ళు కలుపు వేళ్ళు పెనవేసుకొన్న తరువాత ఒకటి లాగితే రెండవది కదులుతుంది.

ఆ రాత్రి నా బ్లేడుకు తెగినది దారము మాత్రమే కాదు. చీర చిరిగింది. దానితోపాటు ఒక ముసలితల్లి, తన చేతితో మునిమనుమడికి ఏదో చేస్తున్నాననే సంతోషము కూడ చిరిగింది. చీరకు మాసికె వేయగలిగాను.

అయితే అన్ని తప్పులనూ ఉంచివేయమని లేఖనము చెప్పుచున్నదా? అదీ కాదు. యిర్మీయా 18వ అధ్యాయములో కుమ్మరి చేతిలో కుండ చెడిపోయినప్పుడు అతడు దానిని అలాగే ఆరబెట్టలేదు. ఆ మట్టితోనే మరల చేశాడు. కాని 19వ అధ్యాయము కూడ చదవండి. అక్కడ కాలిన కూజా పగిలింది. అది మరల బాగుపడేది కాదు. పచ్చిగా ఉన్నప్పుడు మట్టి చెప్పినట్లు వింటుంది. కాలిన తరువాత వినదు. బొంత కుట్టు కూడ అంతే.

విప్పవలసినవి, ఉంచవలసినవి

మా అత్తగారి దగ్గర ఆ తరువాత నేర్చుకొన్నవి, నా అనుభవములో తెలిసినవి క్రింద వ్రాస్తున్నాను. కుట్టుపని చేసే సహోదరీలకు ఉపయోగపడవచ్చును.

1. ఏ రోజు కుట్టినది ఆ రోజే తిరగవేసి చూసుకోవాలి. అడుగు పొర మడతపడిందా, కుచ్చుపడిందా చేతితో తడిమి చూడాలి. ఆనాటి తప్పు ఆనాడు విప్పడం సులువు. రెండు ఉతుకులు పడిన తరువాత దారము గుడ్డలో పాతుకొంటుంది.

2. మడత ఇరుక్కుంటే తప్పక విప్పాలి. పడుకొన్నవారికి ఒత్తుకొంటుంది. అంతేకాదు, ఉబ్బినచోట రాపిడి ఎక్కువ గనుక బొంత ముందుగా అక్కడే చిరుగుతుంది.

3. బొటనవేలంత కుట్లు అక్కడక్కడ ఉంటే విప్పనవసరము లేదు. కాని పసిబిడ్డల బొంతలో వాటిని అలాగే ఉంచకూడదు. బిడ్డ వ్రేళ్ళు ఆ దారములో చిక్కుకొంటాయి. వాటి మధ్యగా మరొక వరుస వేస్తే చాలు. విప్పే పని ఉండదు.

4. దారపు చివర ముడి ఊడితే వరుస అంతా ఊడిపోతుంది. ఇది చూడడానికి చిన్న తప్పు, నిజానికి పెద్దది. చివర రెండుమూడు కుట్లు వెనుకకు వేసి, ముడిని పొరల మధ్యకు పోనివ్వాలి.

5. పాత బొంతకు మాసికె వేసేటప్పుడు కొత్త గుడ్డను ఉతకకుండా వేయరాదు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొంటుంది. అప్పటికే ముడుచుకొన్న పాత గుడ్డ ముడుచుకోదు. కొత్తది చుట్టూ ఉన్నదానిని లాగి చినుగును పెద్దది చేస్తుంది. మార్కు సువార్త 2వ అధ్యాయములో మన ప్రభువు చెప్పినది ఈ పోలికే. నజరేతులో మరియమ్మ మాసికె వేయగా ఆయన చూచియుండునని నేను అనుకొంటూ ఉంటాను. అలాగే ముదురు రంగు ముక్కను తడిపి, తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగదని తెలిసిన తరువాతే అతకాలి. రంగు దిగే ముక్కను కుట్టివేసి ఉంటే విప్పడమే మంచిది. లేకపోతే ఒక్క ఉతుకుతో బొంత అంతా పాడవుతుంది.

6. పాలిస్టరు చీర ముక్క పొరపాటున పడితే, పసిబిడ్డల బొంతలోనుండి తీసివేయాలి. అది చెమట పీల్చదు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకొంటుంది.

7. విప్పవలసివస్తే దారమును లాగరాదు. మూడు నాలుగు కుట్లకు ఒకచోట కత్తెర మొనతో కత్తిరించి, రెండవ వైపునుండి ముక్కలు ముక్కలుగా తీయాలి. పగటి వెలుగులో, ఓపిక ఉన్నప్పుడు చేయాలి. కోపముతో ఉన్నప్పుడు, రాత్రివేళ విప్పవద్దు. ఇది నేను చిరిగిన చీరనిచ్చి నేర్చుకొన్నది.

8. గుడ్డ బాగా పాతబడి ఉంటే విప్పక, పైన ఒక ముక్క కప్పి కుట్టండి. కప్పడము కూడ బాగుచేయడమే.

వరుస వంకరగా ఉన్నదనో, ముక్కల రంగులు కుదరలేదనో, ఒక చేతి కుట్టు ఒకలాగు ఇంకొక చేతి కుట్టు ఇంకొకలాగు ఉన్నదనో విప్పవద్దు. విప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ తప్పు కప్పుకొనేవారిని బాధిస్తుందా, లేక కుట్టినవారి గొప్పను బాధిస్తుందా? కప్పుకొనేవారిని బాధిస్తే ఎంత కష్టమైనా విప్పండి. గొప్పను మాత్రమే బాధిస్తే ఉంచండి.

దూరదేశపు బొంతలు

బొంతలు మన దేశములోనే కాదు, చాలా దేశములలో ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రములో నది వంపు తిరిగేచోట జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉన్నది. బానిసలుగా తేబడిన నల్లజాతివారి సంతతివారు అక్కడ ప్రత్తి పొలములలో కష్టపడి బ్రతికారు. వారి స్త్రీలు పొలములో కట్టి చిరిగిన బట్టలతో, గోనె సంచులతో బొంతలు కుట్టారు. చలికి పిల్లలను కాపాడుకొనడానికే కుట్టారు. కుట్టుచు పాటలు పాడుకొనేవారు, ప్రార్థించుకొనేవారు. వాటిలో వరుసలు తిన్నగా ఉండవు. ముక్కలు సమానముగా ఉండవు. అయినా 2002లో హ్యూస్టన్ నగరములోని పెద్ద ప్రదర్శనశాలలో, ఆ తరువాత న్యూయార్కులో వాటిని గోడలకు తగిలించి చూపించారు. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది.

వాటిలో ఒక బొంతను గురించి చెప్పాలి. ఆ ఊరిలో మిజూరీ పెట్వే అనే స్త్రీకి భర్త చనిపోయాడు. 1942లో ఆమె, అతడు పొలములో తొడిగిన బట్టలను కోసి బొంత కుట్టుకొన్నది. అతని జ్ఞాపకముగా దానిని కప్పుకోవాలని ఆమె కోరిక. ఆ బట్టలు వెలిసినవి, మరకలు పడినవి. ఆ వెలిసిన ముక్కలను తీసివేసి మంచి గుడ్డ వెయ్యమని ఆమెతో ఎవరైనా అనగలరా? అవి తీసివేస్తే ఆ బొంతలో అతడు ఉండడు.

ఆ దేశమునుండే మరొక కథ కూడ వినబడుతూ ఉంటుంది. ఆమిష్ అనే విశ్వాసులు, దేవుడొక్కడే పరిపూర్ణుడని చూపడానికి ప్రతి బొంతలోను కావాలని ఒక తప్పు కుడతారట. ప్రసంగములలో చెప్పడానికి బాగుంటుంది. కాని బొంతల చరిత్రను పరిశోధించినవారు ఈ కథకు పాత ఆధారములు లేవని చెప్పుచున్నారు. నిజమే మరి. కావాలని ఒక తప్పు పెట్టాలంటే, మిగతాది అంతా తప్పు లేకుండా కుట్టగలనని ముందుగా అనుకోవాలి గదా! అది వినయము కాదు. మన తప్పులు మనము పిలవకపోయినా వస్తాయి. వచ్చినవాటిని ఏమి చేయాలో తెలుసుకొంటే చాలు.

కుట్లు చెప్పిన సంగతి

ఇక మా బొంత కథ ముగించాలి. క్షమాపణ అడిగిన ఆ రోజునే అత్తగారు తిరిగి సూది పట్టారు. నేను దారము ఎక్కించి ఇచ్చాను. ఆమె కాసేపు కుట్టి, సూదిని ఒడిలో పెట్టి, బొంత సర్దుకొని, "సూది ఎక్కడే?" అని వెదకసాగారు. సూది ఆమె ఒడిలోనే ఉన్నది. తెల్లని చీరమీద నల్లదారముతో, పట్టపగటి వెలుగులో ఉన్నది. ఆమె దానిప్రక్కన నేలమీద తడుముతున్నారు.

అప్పుడు నాకు ఒక్కసారిగా అన్నీ గుర్తుకు వచ్చాయి. సంవత్సరమునుండి కుటుంబ ప్రార్థనలో బైబిలు చదవడానికి ఆమె పిల్లలకు ఇస్తున్నారు. పిల్లలకు అలవాటు కావాలని ఇస్తున్నారని మేము అనుకొన్నాము. మందిరములో పాటల పుస్తకము తెరవడం మానుకొన్నారు. పాటలన్నీ కంఠతా వచ్చు గనుక తెరవడం లేదనుకొన్నాము. బియ్యములో రాళ్ళు ఉంటున్నాయని నేను విసుక్కొన్నాను. ఒక్కొక్కటి మా కళ్ళ ముందే జరిగింది. ఎవరమూ చూడలేదు. ఆ వంకర వరుసలు ఆమె కన్నులు పోవుచున్నవని మాకు స్పష్టముగా చెప్పుచుంటే, నేను బ్లేడు తీసుకొని ఆ సాక్ష్యమును చెరిపివేశాను.

ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రెండు కళ్ళలోను శుక్లములు ముదిరినవని చెప్పారు. చదువరులలో పెద్దవారు ఇంట్లో ఉన్నవారు దయచేసి గమనించండి. శుక్లమంటే కంటిలోని కటకము వయస్సుతోపాటు మసకబారడము. చుక్కలమందుతో, ఆకుపసరుతో అది పోదు. పసరు పోసి కన్ను పోగొట్టుకోవద్దు. మసకబారినదానిని తీసి కృత్రిమ కటకము పెడతారు. 1976నుండి మన దేశములో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ ఆపరేషను ఉచితముగా చేస్తారు. సూదిలో దారము ఎక్కించలేకపోవడము, దీపము చుట్టూ వలయము కనబడడము, ఎండలోకి వెళితే కళ్ళు చెదరడము, మెట్టు దగ్గర కాలు తడబడడము, ఇవన్నీ గుర్తులు. "ముసలితనములో ఇంతేలే" అని వారు అంటారు. వారి మాట నమ్మి ఊరుకోవద్దు.

ముందు ఒక కంటికి ఆపరేషను అయింది. ఈలోగా మనుమరాలికి మగబిడ్డ పుట్టాడు. కన్ను మానిన తరువాత అద్దములు వచ్చాయి. అద్దములు పెట్టుకొని ఆమె మొదట చూసినది బిడ్డ ముఖము. రెండవది బొంత. బొంతను చూసి పకపక నవ్వారు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇవి కుట్లా? కోడి గీకినట్లు ఉన్నాయి. కత్తెర తే అమ్మాయ్, విప్పేద్దాం" అన్నారు.

ఈసారి అడ్డుపడినది మా అమ్మాయి. "వద్దు నానమ్మా, ఉండనీ. కనబడకపోయినా వీడి కోసం కుట్టావు గదా. పెద్దయిన తరువాత వీడికి చూపిస్తాను" అన్నది.

అత్తగారు కత్తెర పట్టుకొని కొంచెంసేపు ఆలోచించారు. ఆమె కుట్టినది, విప్పాలో ఉంచాలో చెప్పే హక్కు ఆమెది. మేము ఏమీ మాట్లాడలేదు. చివరకు కత్తెర క్రింద పెట్టి సూది తీసుకొన్నారు. మిగిలిపోయిన నాలుగవ అంచును రెండు మధ్యాహ్నములలో కుట్టి ముగించారు. ఆ అంచు గీత గీసినట్లు తిన్నగా ఉన్నది. బిడ్డను మొదటిసారి మందిరమునకు తీసుకువెళ్ళిన ఆదివారము ఆ బొంతలోనే ఎత్తుకొని వెళ్ళారు. ఎవరైనా చేతిలోకి తీసుకొని చూస్తే, "ఇదిగో, ఇక్కడ నాకు కళ్ళు లేవు. ఇదిగో, ఇక్కడ దేవుడు ఇచ్చాడు" అని వ్రేలు పెట్టి చూపించేవారు. నేను వేసిన మాసికెను గురించి ఎవరికీ చెప్పలేదు. దానిమీద చెయ్యి వేసి దాటించేవారు.

మన ఇండ్లలో

ప్రియులారా, మన ఇల్లు కూడ ఒక బొంత వంటిదే. పాతవి కొత్తవి, మెత్తనివి ముతకవి, వేరువేరు ఇండ్లనుండి వచ్చిన ముక్కలు ఒకటిగా కుట్టబడి ఉన్నాయి. కోడలి కూరలో ఉప్పు మన కొలత ప్రకారము ఉండదు. భర్త ఇల్లు సర్దితే మనము సర్దినట్లు ఉండదు. పిల్లవాడు వాక్యము చదివితే తడబడతాడు. ఇవి వంకర కుట్లు. వీటి దగ్గర మన బ్లేడు ఎంత తొందరగా లేస్తుంది! "నీకు చేతకాదు, ఇటివ్వు" అని లాక్కొని మనమే చేసివేస్తాము. పని బాగానే అవుతుంది. కాని ఆ చెయ్యి మరల ఆ పనికి రాదు.

ఇంకొక వైపున, విప్పవలసిన మడతలు ఉన్నాయి. కూలివానికి ఇవ్వవలసిన కూలి నిలిపి ఉంచడము వంకర కుట్టు కాదు. సంఘపు లెక్కలో తేడా, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, త్రాగి వచ్చి భార్యను కొట్టడము, కట్నము మాట మీద కోడలిని గుచ్చి మాట్లాడడము, ఇవి వంకర కుట్లు కావు. వీటిని "ఎవరిలో తప్పులు లేవు" అని, "సర్దుకొని పోవాలి" అని కప్పిపెట్టరాదు. ఆ మడత ప్రతి రాత్రి ఎవరో ఒకరి వీపుకు ఒత్తుకొంటూనే ఉన్నది. పైకి తిన్నని వరుసలతో చక్కగా కనబడే బొంతలో కూడ అది ఉండవచ్చును. నేను కుట్టిన వైపున ఉన్నట్లుగా.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపించారు. కుట్టు ఎంత తిన్నగా ఉన్నదో లేఖనము వ్రాయలేదు. ఆ వస్త్రములను చూపించి ఏడ్చినవారు ఎవరో వ్రాసింది. మన చేతిపనిని గురించి చివరకు మిగిలే సాక్ష్యము అదే గదా.

ఈ నెల ఒక పని చేద్దాము. ఇంట్లో పెద్దవారు చేసిన వస్తువు ఒకటి, బొంత గాని, చాప గాని, అల్లిన బుట్ట గాని చేతిలోకి తీసుకొని, అది ఎప్పుడు ఎవరి కోసము చేశారో వారినే అడుగుదాము. పిల్లలను కూడ ప్రక్కన కూర్చోబెట్టుకొందాము. అడుగుచు వారి కళ్ళు, చేతులు ఎలా ఉన్నాయో కూడ చూద్దాము. ఆ తరువాత మన వైపు కుట్టును ఒకసారి తిరగవేసి తడుముకొందాము.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, ఇతరుల వంకర వరుసలను ఓర్చుకొనే మనస్సును, మా మడతలను విప్పుకొనే ధైర్యమును మాకు దయచేయుము. ఏది ఉంచవలెనో ఏది విప్పవలెనో తెలియనప్పుడు మా చేతిని ఆపుము. మా ఇండ్లలోని వృద్ధుల కన్నులను జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.